మీడియం సైజు మనిషి

మా అత్తగారు పోయిన ఏడాది తిరక్కుండానే నా కడుపున పుట్టారు.

ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఉత్తర ధ్రువం దాపున ఉన్న మా దీవిలో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకు పెడతాం. పేరుతో పాటు వరసలన్నీ వచ్చి చేరతాయి. కుమాలుక్ అనే మా అత్తగారు వెళ్ళిపోయారు, కుమాలుక్ అనే నా కూతురు వచ్చింది. మా ఆయన జోబీ ఆ పసిగుడ్డును రెండు చేతుల్లోకి తీసుకుని "వచ్చావా అమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి నేను నా కూతుర్ని అత్తయ్యా అంటున్నాను, అది నన్ను కోడలా అంటోంది. పాలు తాగే వయసులోనే మధ్యలో ఆపి నా వంక అదోలా చూసేది, పాలు పలచగా ఉన్నాయన్నట్టు.

దాన్ని కోప్పడే భాగ్యం నాకు ఎన్నడూ దక్కలేదు. నోరు తెరవబోతే చాలు, "మా అమ్మనేం అనకు" అనేవాడు జోబీ. మొదటి అత్తగారి హయాంలోనూ ఇదే మాట.

చిక్కల్లా ఒక్కటే. మా అత్తగారు ఈ తీరంలో పేరు మోసిన కుట్టుమనిషి. ఆవిడ కుట్టిన సీలు తోలు బూట్లలో నీళ్ళు పోసి ఉంచినా బయటికి చుక్క రాదు. నా కూతురికి సూదిలో దారం ఎక్కించడం రాదు. నేర్పబోతే వేలికి గుచ్చుకుని, సూదిని నేను పంపించినట్టు చూసేది. అలాసి పిన్ని, అంటే మా అత్తగారి సొంత చెల్లెలు, అప్పుడే తేల్చేసింది: "పేరొచ్చింది. చేతులు దారిలో ఎక్కడో ఆగిపోయాయి."

ఎనభై దాటిన అలాసి పిన్ని నా కూతుర్ని అక్కా అనే పిలుస్తుంది. దుకాణంలో, చర్చిలో, పడవ మీద, ఎక్కడైనా సరే. ఒక్క కుట్టుశాలలో తప్ప. ఆ గడప లోపల "మేనేజరు" అంటుంది. ఆ మాట అన్నప్పుడు నోట్లో ఎముక ముక్క తగిలినట్టు ముఖం పెడుతుంది.

కుట్టుశాల గురించి చెప్పాలి. మా అత్తగారూ, అలాసి పిన్నీ, ఇంకో ఇద్దరూ కలిసి ఒక పొయ్యి, రెండు కుట్టుమిషన్లతో మొదలుపెట్టారు. వేసవి మొదట్లో ఐడర్ బాతులు తమ రొమ్ము మీది నూగు పీక్కుని గూళ్ళలో పరుస్తాయి. పడవల మీద వెళ్ళి ఆ నూగులో సగం తీసుకుంటాం, సగం గుడ్ల కోసం వదిలేస్తాం. శుభ్రం చేసి, గుడ్డ పొరల మధ్య కూరి చలికోట్లు కుడతాం. కుట్టుశాల నడిపే సంఘం దీవిలో ప్రతి ఇంటిదీ. కోట్లు అమ్ముడుపోతే పడవలకు పెట్రోలు, వేటకు పోలేని ముసలివాళ్ళ గిన్నెల్లోకి సీలు మాంసం. మా అత్తగారి లెక్క ప్రకారం బాతుకు సగం, మనిషికి సగం, మనిషి సగంలో మళ్ళీ పక్కింటికి సగం. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ లెక్క తప్పలేదు.

ఆవిడ పోయిన చాలా ఏళ్ళకు, మా మంచు దాటితే పెద్ద నగరాలుండే దక్షిణాది నుంచి ఒక మేనేజరు వచ్చాడు. రెండు చలికాలాలు చూశాడు, మూడోది చూసే ఓపిక లేక విమానం ఎక్కేశాడు. మిషన్ల మీద దుప్పట్లు కప్పాం. కిటికీ పక్కన మా అత్తగారు కూర్చునే ముక్కాలిపీట మాత్రం అట్లాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు. పిల్లి కూర్చుంటే పిల్లిని కూడా లేపేవాళ్ళం.

నా కూతురు దక్షిణాదిన వ్యాపారం చదువు చదివి తిరిగొచ్చేసరికి సంఘం అధ్యక్షుడు నోవాలింగా ఆ గదిని కొలుస్తున్నాడు. మంచుబండ్ల విడిభాగాలు పెట్టుకోవడానికి సరిపోతుందా అని.

"ఒక్క వేసవి ఇవ్వండి" అంది నా కూతురు.

"ఇస్తే?"

"వేసవి చివర సరుకుల ఓడ వచ్చేలోపు ఈ గది తన ఖర్చు తను సంపాదించుకుంటుంది."

నోవాలింగా పెద్ద పొట్టా, ఎప్పుడో మంచుబండి బోల్తా పడి ఒంగిపోయిన ఎడమ భుజమూ ఉన్న మనిషి. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మీ నానమ్మ పేరు... కాదు, నీ పేరు చూసి ఇస్తున్నాను. ఓడ వచ్చేసరికి కోట్లు లేకపోతే సైలెన్సర్లు ఇక్కడే దింపిస్తాను."

ఆ సాయంత్రమే స్థానిక రేడియోలో ఈ సంగతి చెప్పేశాడు. బింగో అంకెలకూ, తప్పిపోయిన కుక్క ప్రకటనకూ మధ్య. ఇక వెనక్కి తగ్గే దారి లేదు, ఇద్దరికీ.

వెతగ్గా వెతగ్గా నా కూతురికి ఒక బేరం దొరికింది. సముద్రం మీద మంచు ఎంత కరుగుతోందో చూసుకుంటూ తిరిగే ఓడ ఒకటి ఉంది. అందులోవాళ్ళకు ఇరవై కోట్లు కావాలి. స్మాలు కొన్ని, మీడియం చాలా, లార్జి కొన్ని. ఓడ ఆగస్టులో మా దీవి పక్కగానే పోతూ తీసుకుంటుంది. నా కూతురు రాత్రింబవళ్ళు కూర్చుని మందపాటి కాగితంతో మూడు నమూనాలు కత్తిరించి తెచ్చింది. అంచులు చూస్తే రంపంతో కోసిందేమో అనిపించింది, కానీ కొలతలు సరిగ్గానే ఉన్నాయి.

మీడియం నమూనాను అలాసి పిన్ని వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంది. "ఈ మీడియం ఎవరు?"

"ఎవరూ కాదు పిన్నీ" అన్నాను నేను.

"ఎవరూ కానివాడికి కోటు దేనికి?"

అక్కడ ఉన్న మరో మనిషి మియాజీ. మొగుడు పోయి పదేళ్ళయినా నోరు మాత్రం కాపురం చేస్తూనే ఉన్న మనిషి. "ఉంటాడ్లే పిన్నీ. దక్షిణాదిన అందరూ ఒకే కొలతలో పుడతారేమో. అమ్మలకు అదో సౌకర్యం."

"వాడు పడవలో కూర్చుంటాడా, నిలబడతాడా? ఈటె ఏ చేత్తో విసురుతాడు?"

"ఈటె విసరడు చెల్లీ" అంది నా కూతురు. "కంప్యూటరు ముందు కూర్చుంటాడు. కాగితం ఎట్లా ఉందో అట్లా కుట్టండి, చాలు."

"అట్లాగే మేనేజరూ" అంది అలాసి పిన్ని. అంత సులభంగా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది.

సంఘాల సమావేశం ఉందని నా కూతురు దక్షిణాదికి వెళ్ళింది. నాలుగు రోజుల్లో రావాల్సింది. పొగమంచు కమ్మి విమానం దిగక రెండు వారాలకు పైగా అక్కడే చిక్కుకుపోయింది. ఈలోపు మేం కుట్టాం. మేం ముగ్గురమూ, సాయానికి వచ్చిన ఇంకొందరు ఆడవాళ్ళూ. ఉలు అనే మా అరచంద్రపు కత్తితో గుడ్డ కోస్తూ, టీ తాగుతూ, బానక్ రొట్టె ముక్కలు నూగులో పడకుండా కాచుకుంటూ కుట్టాం. అంత కబుర్లలోనూ ఎవరు ఎవరి కోసం కుడుతున్నదీ ఎవరూ చెప్పలేదు. అది చెప్పుకునే విషయం కాదు.

నా కూతురు వచ్చి, సంచీ దించకుండానే కోట్లన్నీ తాడు మీద వరసగా వేలాడదీయించింది. టేపు తీసింది. మొదటి మీడియం కొలిచింది. రెండోది కొలిచింది. మూడోదాని దగ్గర టేపు కిందికి జారిపోయింది.

ఒకదానికి చేతులు మోకాళ్ళదాకా ఉన్నాయి. ఒకదానికి కుడి భుజం ఎడమ భుజం కంటే వెడల్పు. ఒకదానికి ఎడమ చెయ్యి నాలుగు వేళ్ళ మేర పొట్టి. ఇంకోదానికి పొట్ట దగ్గర గుడారమంత జాగా. అన్నీ మీడియంలే. కుట్టు మాత్రం, ఎవరూ వంక పెట్టలేరు, ఒక్కదానిలోనూ గాలి దూరదు.

"కోడలా" అంది నా కూతురు, చాలా నెమ్మదిగా. "కాగితం ఏమైంది?"

"పొయ్యి కింద పెట్టాం అత్తయ్యా. పొయ్యి ఊగుతోంది."

"ఇది ఎవరిది?" పొడుగు చేతుల కోటు పట్టుకుంది.

అలాసి పిన్ని తల ఎత్తలేదు. "మీ మరిదిది" అంది. అంటే పిన్ని మొగుడు లుకాసిది. ఆయన మంచులో పడిపోయి నలభై ఏళ్ళు. "ఆయనకు చేతులు పొడుగు. నీకు గుర్తు లేదూ?"

పేరు వచ్చినవాళ్ళకు జ్ఞాపకం కూడా రావాలని మావాళ్ళ ఆశ. నా కూతురు ఆ కోటు వదిలి ముందుకు కదిలింది. ఒక్కో కోటు దగ్గరా ఆగి అడుగుతూ పోయింది. ఒకటి ఒకరి అన్నయ్యది, ఒకటి ఇంకొకరి మేనమామది. ఎడమ చెయ్యి పొట్టిది ఒకప్పుడు దీవి చివర దొంతి రాళ్ళ దగ్గర ఉన్న వేటగాడిది. ఎవరూ కానివాడికి కుట్టడం మాలో ఎవరికీ చేత కాలేదు. కాలేజీలో చరిత్ర చదువుకున్నదాన్ని, కాగితం ప్రకారం పోవాల్సింది నేనైనా కదా. నా కోటు అన్నిటికంటే అన్యాయం. పొట్టిగా, గుండ్రంగా, మెడ దగ్గర బిగువుగా ఉంది. దాని దగ్గర నా కూతురు ఎక్కువసేపు నిలబడింది. అడగలేదు. నేనూ చెప్పలేదు. నా కూతురికి మొదటి అత్తగారి ఒళ్ళు రాలేదు. జోబీ లాగా సన్నగా, పొడుగ్గా పెరిగింది.

నోవాలింగా అప్పుడే వచ్చాడు, జేబులో టేపుతో. చెడ్డవార్తను పసిగట్టే ముక్కు ఉంది మా అధ్యక్షుడికి. తాడు వెంబడి ఒకసారి నడిచాడు. నవ్వలేదు, అది ఇంకా బాధ.

"ఓడవాళ్ళు అడిగింది మనుషులకు కోట్లు" అన్నాడు. "మీరు ఊరి శ్మశానానికి కుట్టారు."

నూగు అయిపోయింది, మళ్ళీ బాతులు గూడు కట్టేది వచ్చే ఏడాదే.

"ఇది చూడు" అంటూ ఆ పొట్ట కోటు లాగాడు. "దీన్ని ఏ పరిశోధకుడు వేసుకుంటాడు? తిమింగలమా?" నిరూపించడానికన్నట్టు తొడుక్కున్నాడు.

పొట్ట అందులో హాయిగా కూర్చుంది. ఒంగిన ఎడమ భుజం దగ్గర గుడ్డ అంతే ఒంగి, ఎముక మీద చెయ్యి వేసినట్టు అమరింది. ఆయన చెయ్యి పైకెత్తాడు. కిందికి దించాడు. మళ్ళీ ఎత్తాడు. ఆ భుజం అంత ఎత్తు లేవడం మేం చూసి చాలా ఏళ్ళయింది. గదిలో అందరి చూపూ మియాజీ వైపు తిరిగింది. మియాజీ పొయ్యిలోకి చూస్తోంది. పొయ్యి ఆరిపోయి ఉంది.

"ఊరికే" అంది మియాజీ పొయ్యితో. "ఏదో ఒక కొలత కావాలి కదా. కళ్ళెదురుగా రోజూ తిరిగేది అదొక్కటే."

"నేనింకా బతికే ఉన్నాను" అన్నాడు నోవాలింగా.

"అందుకే కదయ్యా కుట్టింది. చచ్చాక నీకెందుకు?"

ఆయన కోటు విప్పలేదు. "ఇది నమూనాగా ఉంచుకుంటాను, పరిశీలనకు" అని, ఎందుకో బొత్తాములన్నీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "సరుకుల ఓడ వచ్చేదాకా గడువు గడువే" అని బయటపడ్డాడు.

ఆయన వెళ్ళాక నా కూతురు కిటికీ దగ్గరకు వెళ్ళింది. ముక్కాలిపీట పక్కన నిలబడింది, కూర్చోలేదు. పుట్టాక ఎప్పుడూ కూర్చోలేదు.

"మా అక్క" అంది అలాసి పిన్ని, దారం కొరుకుతూ, ఎవరితోనో అన్నట్టు, "టేపు పట్టుకునేది కాదు. రేవులో బండ మీద కూర్చుని మనిషి నడిచి వస్తుంటే చూసేది. నడక చూడకుండా గుడ్డ మీద కత్తి పెట్టేది కాదు. చదువుకోలేదు పాపం."

ఆ మాట దెప్పడానికే అన్నది. నా కూతురు మాత్రం వెనక్కి తిరిగి, ఆ దెప్పును బయట పడేయకుండా జేబులో వేసుకుంది. దాని ముఖంలో నాకు బాగా తెలిసిన ఒక చూపు కనిపించింది. పాతికేళ్ళ కిందట ఆ చూపు చూస్తే నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

"అయితే నడిపిద్దాం చెల్లీ" అంది.

ఓడకు సందేశం పంపింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, బతిమాలలేదు, క్షమాపణ అడగలేదు. 'మీ కొలతలు మాకు అక్కర్లేదు. ఒక్కొక్కరూ ఓడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడవండి, ఒక బరువు ఎత్తండి, కూర్చుని లేవండి. వీడియో తీసి పంపండి. మా దగ్గర కోటు ఊరికే అమ్మరు, మనిషిని చూసి ఇస్తారు' అని రాసింది.

"బేరం పోతుంది అత్తయ్యా" అన్నాను.

"పోతే పోనీ కోడలా. కుట్టిన కోటును కాదని ఎట్లా అంటాను? అందులో మనుషులున్నారు."

మా దీవికి ఇంటర్నెట్టు కుక్కబండి మీద వస్తుందంటాడు జోబీ. వీడియోలు రావడానికి రెండు రోజులు పట్టింది. కుట్టుశాల గోడకు తెల్ల దుప్పటి కట్టి చూశాం. ఊళ్ళో సగం ఆడవాళ్ళు బెంచీల మీద, మిగతా సగం నేల మీద. మొదటివాడు నడవడం మొదలుపెట్టగానే మియాజీ అంది:

"వీడికి ఇంట్లో తిండి పెట్టరా?"

"పెడతారు. నడుము చూడు, బరువు ఎడమ వైపే మోస్తాడు."

"ఇటు తిప్పండి వాణ్ణి. ఇంకోసారి నడిపించండి. అరె, మా మేనమామ కాలు."

"నీ మేనమామకు గడ్డం లేదు."

"కోటు గడ్డానికి కుడతామా?"

తరవాత ఒక కుర్రవాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, ఎర్రజుట్టు. పెట్టె ఎత్తడానికి వంగితే చేతులు నేలకు ముందే చేరిపోయాయి. అలాసి పిన్ని నెమ్మదిగా లేచి, దుప్పటి దగ్గరకు వెళ్ళి, వాడి మోచేతి మీద వేలు పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావయ్యా" అంది.

ఆ పొద్దు గడిచేసరికి కోట్లన్నీ మనుషుల్ని వెతుక్కున్నాయి. కొన్నింటికి నడుము దగ్గర వేలెడు లాగాం, కొన్నింటికి అంచు దించాం. అంతే. నోవాలింగా కోటు పోగా ఓడలో ఒక మనిషికి తక్కువైంది. ఆయన ఆ మాట విని, వెనక వరసలోంచి, కోటు ఒంటి మీద ఉండగానే, "నమూనా నమూనాయే" అన్నాడు. చివరికి మియాజీ ఇంట్లో ఉన్న తన కొత్త కోటు విప్పి ఆ మనిషికి సరిచేసింది. "నాకు చలెయ్యదులే" అంది. "ఇప్పుడు" అని అలాసి పిన్ని చేర్చింది.

నా కోటు మాత్రం మిగిలింది. ఓడ వంటమనిషి వీడియో పంపలేదట. 'నడవడానికి తీరిక లేదు' అని కబురు.

పంపించే ముందు నా కూతురు ఇంకో పని చెప్పింది. ప్రతి కోటు మెడ లోపల, అది ఎవరిని తలచుకుని కుట్టారో ఆ పేరు మా అక్షరాల్లో కుట్టాలని. దుకాణంలో అమ్మే కోట్లకు అక్కడ కంపెనీ పేరుంటుంది. మాకు ఉన్న కంపెనీ ఇదే.

సరుకుల ఓడ కంటే ముందే మంచు ఓడ వచ్చింది. చిన్న పడవల్లో వాళ్ళు రేవుకు వస్తుంటే ఊరంతా బండల మీద నిలబడి ఉంది. కోటు తొడిగి పేరు చదవగానే, ఆ పేరు చుట్టాలు ముందుకొచ్చి వరస కలిపి పిలిచారు. ముక్కూ మొహం తెలియని ఒక కెప్టెను ఒక్క నిమిషంలో ఆరుగురికి తమ్ముడూ, ఒక ముసలమ్మకు కొడుకూ అయిపోయాడు. ఎర్రజుట్టు కుర్రవాడు అలాసి పిన్ని భుజం అందుకోవడానికి కూడా వంగాల్సి వచ్చింది. పిన్ని వాడి చేతులు చివరిదాకా తడిమి, కోటు చెయ్యి మణికట్టు దగ్గర సరిగ్గా ఆగిందని చూసుకుని, జేబులోంచి ఎండు చేప తీసి వాడి నోట్లో పెట్టింది. మొగుడు ఆలస్యంగా వస్తే కోప్పడే హక్కు కోసం నలభై ఏళ్ళు ఆగిన మనిషి, ఒక్క మాటా అనలేదు.

వాళ్ళు ఆ కోట్లతో వరసగా బండల మీద నిలబడితే దూరం నుంచి చూశాను. ఎవరి కోటు వాళ్ళది. ఏ ఇద్దరివీ ఒకటి కావు. మా పోయినవాళ్ళందరూ ఒక్కసారి రేవులోకి దిగినట్టుంది. జోబీ ముక్కు తుడుచుకున్నాడు, గాలికట. నేను చదివిన చరిత్ర పుస్తకంలో ఈ దీవి గురించి ఒక్క ముక్కా లేదు. ఉన్నట్టయితే ఈ బొమ్మ వేయమనేదాన్ని.

చివరి పడవలో వంటమనిషి దిగింది. పొట్టిగా, గుండ్రంగా, పెదవులు బిగించుకుని. నా కోటు ఇచ్చాను. తొడుక్కుంది. మెడ బొత్తాం దగ్గర కూడా ఎక్కడా ఆగలేదు. ఆవిడ థాంక్యూ అనలేదు. కోటు లోపలి కుట్టును గోటితో గీరి చూసి, తలాడించి, నేరుగా రేవులో మేం కాస్తున్న సీలు మాంసం కుండ దగ్గరకు వెళ్ళి, మూత తీసి, నా వంక చూసింది.

ఉన్న అత్తగారు చాలరన్నట్టు.

వాళ్ళు వెళ్ళకముందే కెప్టెను ఇంకో రెండు ఓడలకు కావాలని చెప్పాడు. వీడియోలు ముందుగా పంపిస్తారట. సరుకుల ఓడ వచ్చాక సైలెన్సర్లు నోవాలింగా సొంత ఇంటి వసారాలో దిగాయి. రేడియోలో ఆయన చెప్పిన మాట ఇది: "కుట్టుశాల గది కొలిచాను. విడిభాగాలకు చాలదు." భుజం ఎగరేస్తూ చెప్పాడని చూసినవాళ్ళు అన్నారు. తరవాత ప్రకటన తప్పిపోయిన కుక్క దొరికిందని.

మర్నాడు మామూలుగా కుట్టుశాల తెరిచాం. నా కూతురు వచ్చి ఎప్పటిలాగే నిలబడింది. అలాసి పిన్ని లేచి, కిటికీ పక్క ముక్కాలిపీట మీది దుమ్ము అరచేత్తో తుడిచి, పిల్లిని కిందికి తోసింది.

"నిలబడితే వెలుతురుకు అడ్డం అక్కా. కూర్చో."

గదిలో అందరి చేతులూ ఆగాయి. నా కూతురు కూర్చుంది. పీట పొట్టిది, దాని మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కాసేపు సముద్రం వైపు చూసింది. తరవాత చెయ్యి చాచి నా ఒళ్ళోంచి కోటు తీసుకుని, లోపలి వైపు తిప్పి, కుట్టు వెంబడి గోరు పోనిచ్చింది. దానికి కుట్టడం ఇప్పటికీ రాదు. కానీ ఆ గోరు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

"కోడలా" అంది, "ఇది విప్పి మళ్ళీ కుట్టు."

నిజమే, అక్కడ రెండు కుట్లు వదులయ్యాయి. విప్పాను. ముఖం మాడ్చుకునే విప్పాను, పాత అలవాటు. కానీ తల వంచుకుని ఉండగా నేను నవ్వుకోవడం ఎవరూ చూడలేదు, ఒక్క అలాసి పిన్ని తప్ప.